ఛుట్టీ దొరికిన తర్వాత

మన ఇళ్లలో 'డిశ్చార్జ్ అయ్యారు' అనే మాట తక్కువ. 'ఛుట్టీ దే దియే' అంటారు. బడి వదిలితే ఛుట్టీ, దవాఖానా వదిలితే ఛుట్టీ. ఆ లఫ్జ్‌లోనే ఖుషీ ఉంది. ఒకరు బిల్లు కట్టడానికి ఉరుకుతారు, ఒకరు ఆటో మాట్లాడతారు, ఒకరు ఇంటికి ఫోన్ చేసి పరహేజీ ఖానా వండమని చెబుతారు. ఊపిరితిత్తుల జబ్బు పాతబడిన మరీజ్‌కు మాత్రం అసలు ఇంతెహాన్ ఆ ఛుట్టీతోనే షురూ అవుతుంది. పోయిన చలికాలం మా అమ్మీ విషయంలో ఈ సంగతి నాకు తెలిసొచ్చింది.

అమ్మీ బీడీ సిగరెట్ తాగిన మనిషి కాదు. నిజామాబాద్ వైపు మా ఊళ్లో నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు ఫుక్నీ పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నాలు చాటలో ఆకులు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టింది. దగ్గు వస్తే 'పొగ' అంది, మెట్లెక్కితే ఆయాసం వస్తే 'ఉమర్' అంది. మేమంతా దాన్ని దమా అనుకున్నాం. డాక్టర్ సీఓపీడీ అన్నాడు. రెంటికీ ఫర్ఖ్ ఉంది. దమాలో బిగుసుకున్న గాలిగొట్టాలు మందు పడితే చాలావరకు తెరుచుకుంటాయి. సీఓపీడీలో ఒకసారి చెడిన దారి పూర్తిగా వెనక్కి రాదు. పొగాకు ఎంత కారణమో, పొయ్యి పొగ కూడా కారణమే. మన ఆడవాళ్లలో ఎందరికో ఈ జబ్బు పేరు తెలియకుండానే జిందగీ గడిచిపోతుంది.

హైదరాబాద్‌లో తొమ్మిది రోజులు ఉంచి పంపించారు. ఒక ఆక్సిజన్ మిషన్, రెండు ఇన్‌హేలర్లు, వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్, నాలుగు పేజీల పర్చీ. మూడు నెలలపాటు ప్రతి మంగళవారం ఒక నర్సు ఫోన్ చేస్తుందని చెప్పారు. నాకు లోపల నవ్వొచ్చింది. అంత దూరం నుంచి ఫోన్‌లో సాంస్ ఏం వినిపిస్తుంది?

జర్నలిస్టులకు ఒక బీమారీ ఉంటుంది. దేన్ని చూసినా దాని తవారీఖ్ తవ్వాలనిపిస్తుంది. ఛాతీ మరీజ్‌ను దవాఖానా నుంచి ఇంటికి పంపించాక వాడిని ఎవరు చూడాలి? ఈ సవాల్ కొత్తది కాదు. దీనికి మొదటి గట్టి జవాబు మన పక్కనే, మద్రాసులో దొరికింది.

అంతకు ముందటి హాలత్ కొంచెం చెప్పాలి. నేను ఉర్దూ మీడియంలో చదివేటప్పుడు టీబీని తప్-ఎ-దిఖ్ అనేవారు. దిఖ్ అంటే సన్నబడటం. ఎవరైనా సతాయిస్తే 'దిఖ్ మత్ కరో' అని మనం రోజూ అంటాం, జబ్బు పేరు అని గుర్తుండదు. తర్వాత తెలుగు డిగ్రీలో క్షయ అన్న మాట వచ్చింది. దాని మానీ కూడా తరిగిపోవడమే. రెండు జబాన్లూ ఒకే మనిషిని చూసి పేరు పెట్టినట్టుంది.

ఆ తరిగిపోయే మనిషికి అప్పట్లో ఇలాజ్ అంటే మంచి గాలి, మంచి ఖానా, ఆరామ్. అందుకని ఊరికి దూరంగా శానటోరియంలు కట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో యూనియన్ మిషన్ శానటోరియం మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దాన్ని నడిపించాడు. తెలుగు జిల్లాల నుంచే కాదు, చాలా దూరాల నుంచి అక్కడికి మరీజ్‌లు వెళ్లేవారు. నిజాం ఇలాకాలో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలమీద ఒకటి ఉండేది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ దవాఖానా సంగతి మనందరికీ తెలుసు. నవాబ్ ఫఖ్రుల్ముల్క్ కట్టించుకున్న ఇరమ్ నుమా మహల్ ఉన్న చోట అది నిలిచింది. ఇరమ్ అంటే షద్దాద్ కట్టించాడని చెప్పుకునే జన్నత్ లాంటి బాగ్. ఆ పేరున్న జాగాలో రక్తం కక్కుకునే గరీబులు పడుకున్నారు. నవాబుల మహళ్లకు దొరికిన అన్ని మౌఖాల్లో నాకు ఇదే మంచిదనిపిస్తుంది.

శానటోరియం లోపల అంతా బాగుండేది. బయటికి వచ్చాకే కష్టం. మరీజ్ నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి పడుకుని, బరువు పెరిగి, ఛుట్టీ తీసుకుని ఇంటికి వచ్చేవాడు. ఆ ఇల్లు అదే ఒక్క గది, అదే పొగ, అదే మజ్దూరీ. కొన్నాళ్లకు మళ్లీ దగ్గు. పైగా లక్షల మంది మరీజ్‌లకు దేశంలో ఉన్న మంచాలు వేలల్లోనే. స్ట్రెప్టోమైసిన్, ఆ తర్వాత 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక ఒక కొత్త ఖయాల్ పుట్టింది. మందే జబ్బును చంపుతుంటే మంచం ఎందుకు?

1956లో మద్రాసులో ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ తెరిచారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు సర్కార్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ నలుగురూ కలిశారు. వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ ముందుండి నడిపించాడు. నగరంలోని గరీబ్ బస్తీల నుంచి దాదాపు 190 మంది టీబీ మరీజ్‌లను తీసుకున్నారు. ఎవరు ఎటు వెళ్లాలో డాక్టర్ ఇష్టం మీద కాకుండా చీటీ తీసినట్టు తేల్చారు. సగం మంది శానటోరియంలో మంచం మీద, మంచి ఖానాతో. సగం మంది తమ ఇంట్లోనే, తమకు దొరికే గంజీ చారుతో. ఇద్దరికీ మందులు ఒకటే, ఒక ఏడాది పాటు.

1959లో ఫలితం అచ్చయినప్పుడు దునియా మొత్తం డాక్టర్లు హైరాన్ అయ్యారు. శానటోరియం వాళ్లు బరువు ఎక్కువ పెరిగారు, అది సహజం. జబ్బు తగ్గడంలో మాత్రం ఇంటి వాళ్లు వాళ్లకు దాదాపు సమానంగా నిలిచారు. ఇంట్లో ఉంటే పిల్లలకు అంటుకుంటుందనే డర్ ఉండేది కదా, ఐదేళ్లు ఇంటిల్లిపాదినీ వెంటాడి చూశారు. మందు మొదలయ్యాక మరీజ్ ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబానికి అదనంగా నష్టం జరగలేదని తేలింది. ఆ తర్వాత లోకమంతా శానటోరియంల దుకాణం మెల్లగా మూతపడింది. ఆ మద్రాసు సెంటరే ఇవాళ చెట్‌పట్‌లో క్షయ పరిశోధన జాతీయ సంస్థగా నడుస్తోంది.

ఈ కిస్సా చెప్పేటప్పుడు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంట్లో కూడా ఇలాజ్ సాధ్యమే, అంతే, అంటారు. నాకు ముఖ్యమనిపించింది వేరే ముక్క. ఇంటి దగ్గర ఉన్నవాళ్లను మందు చేతిలో పెట్టి వదిలేయలేదు. వారం వారం క్లినిక్‌కు పిలిచారు. హెల్త్ విజిటర్లు గల్లీల్లో తిరిగి తలుపు తట్టారు. చెప్పకుండా వచ్చి గోలీలు లెక్కపెట్టారు, పేషాబ్ తీసుకెళ్లి మందు నిజంగా మింగాడా లేదా పరీక్షించారు. శక్ చేయడానికి కాదు. మనిషి మంచిగా అనిపించగానే మందు మానేస్తాడని వాళ్లకు ఎరుక. రాని వాడి కోసం మనిషి వెళ్లాడు. మంచం తీసేశారు గానీ నిఘా తీయలేదు.

టీబీకి ఒక అంతం ఉంది. కోర్సు అయిపోతుంది, మరీజ్ బాగవుతాడు. సీఓపీడీకి అది లేదు. కాబట్టి దవాఖానా మొత్తం కొంచెం కొంచెంగా ఇంట్లోకి నడిచి రావాల్సి వచ్చింది.

మొదట వచ్చింది ఇన్‌హేలర్. మద్రాసులో తలుపులు తడుతున్న అదే 1956లో అమెరికాలో రైకర్ కంపెనీ నొక్కితే కొలిచినంత మందు వదిలే డబ్బీ అమ్మకానికి తెచ్చింది. కంపెనీ అధినేత జార్జ్ మేసన్ కూతురికి దమా. హెయిర్ స్ప్రే లాగా నా మందు ఎందుకు రాదు అని ఆ పదమూడేళ్ల బచ్చీ అడిగిందట. ఆ తర్వాత ఆక్సిజన్. ఆరేడు నిమిషాల సుకూన్ కోసం ఇచ్చేది అనుకున్న ఆక్సిజన్ జిందగీని పొడిగిస్తుందా? బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ దీన్ని పరీక్షించి 1981లో ప్రకటించింది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన 87 మందిని తీసుకుని, 42 మందికి రోజూ కనీసం 15 గంటలు ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చారు. 45 మందికి ఇవ్వలేదు. ఐదేళ్లలో ఆక్సిజన్ ఉన్నవాళ్లలో 19 మంది పోయారు, లేనివాళ్లలో 30 మంది. మీ ఇంట్లో ముక్కు గొట్టం తగిలించుకుని విసుక్కునే దాదా, నానీ ఉంటే, పదిహేను గంటలు అని డాక్టర్ ఎందుకు పట్టుబడతాడో వాళ్లకు ఈ లెక్క చెప్పండి. బీటలు వారిన పాత ఊపిరికి గంట, రెండు గంటలు పెట్టి తీసేస్తే ఆ ఫాయిదా రాదు.

మూడోది ఆక్సీమీటర్. జపాన్ ఇంజినీర్ టకువో అవోయాగి 1970ల్లో దాని అసలు సూత్రం పట్టుకున్నాడు. వేలి మీద వెలుగు వేసి, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ వెలుగు ఎంత మారుతుందో చూసి రక్తంలో ఆక్సిజన్ లెక్క కట్టడం. ఆయన 2020 ఏప్రిల్‌లో ఇంతెఖాల్ అయ్యాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన మిషన్ మన గల్లీ మెడికల్ షాపుల్లో దొరక్కుండా పోయింది.

ఇక దూరం నుంచి చూడటం. మన దగ్గర 2000లో చిత్తూరు జిల్లా అరగొండ అనే పల్లె దవాఖానాను శాటిలైట్ ద్వారా పెద్ద డాక్టర్లతో కలిపారు. 2007 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో 104కు ఫోన్ చేస్తే సలహా చెప్పేవారు. లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న, ఫోన్‌లో వైద్యం చేయడానికి దేశంలో ఖాయిదాలు వచ్చాయి. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఇంటి నుంచే డాక్టర్‌ను చూపించింది. టీబీ వాళ్లకు ఇంకో తర్కీబ్ పట్టారు. గోలీ తీస్తే అట్ట కింద ఒక నంబర్ బయటపడుతుంది, దానికి మిస్డ్ కాల్ ఇస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు. మంచి ఆలోచనే. కానీ తర్వాత పేషాబ్ పరీక్షతో సరిచూస్తే, కాల్ ఇచ్చిన ప్రతివాడూ మింగలేదు, మింగిన ప్రతివాడూ కాల్ ఇవ్వలేదు. మద్రాసు హెల్త్ విజిటర్లు వింటే ముసిముసిగా నవ్వుకునేవారు.

సీఓపీడీ మరీజ్‌లమీద దూరపు నిఘా ఎంత పనిచేసిందో చూడాలంటే స్కాట్‌లాండ్ వెళ్లాలి. ఎడిన్‌బరో చుట్టుపక్కల, ఈ జబ్బుతో ఏడాదిలోపు దవాఖానా పాలైన 256 మందిని తీసుకున్నారు. సగం మంది ఇళ్లలో ఒక టచ్ స్క్రీన్ పెట్టారు. రోజూ దగ్గు, కఫం, ఆయాసం గురించి సవాళ్లకు జవాబు నొక్కాలి, ఆక్సీమీటర్ పెట్టాలి, అవి నర్సులకు చేరతాయి. మిగతా సగం మందికీ అదే డాక్టర్లు, అదే నర్సుల సేవ, స్క్రీన్ మాత్రం లేదు. 2013లో లెక్క తేలింది. స్క్రీన్ ఉన్నవాళ్లు దవాఖానాకు తిరిగి వెళ్లడం ఆలస్యం కాలేదు, తగ్గలేదు.

అంతకు ముందు ఏడాది అమెరికాలో ఇంకా భయపెట్టే కబర్. అక్కడి మాజీ సైనికుల దవాఖానాల్లో 426 మందితో ఒక ప్రయోగం జరుగుతోంది. మరీజ్‌కు జబ్బు గురించి తాలీమ్ ఇచ్చి, ఆయాసం పెరిగితే ఏ మందు మొదలుపెట్టాలో కాగితం రాసిచ్చి, తర్వాత ఫోన్‌లో కనిపెట్టుకుని ఉండటం. దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ సేవ అందిన వాళ్లలో 28 మంది, అందని వాళ్లలో 10 మంది చనిపోయారు. ఎందుకలా అయిందో పరిశోధకులకే పూర్తిగా అంతు చిక్కలేదు. ఫోనూ కాగితమూ ఉంటే ఎలాగైనా మేలే అనుకునే వాళ్లు ఈ లెక్కను మనసులో పెట్టుకోవాలి.

మరి ఫోన్ పనికిరాదా? ఆస్ట్రేలియాలో 166 మంది మీద జరిగింది వేరే ఖిస్సా, 2017లో అచ్చయింది. ఈ జబ్బులో మరీజ్ ఆయాసానికి డరీ కదలడం మానేస్తాడు, కదలకపోతే కండ పోతుంది, కండ పోతే ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంపడానికి ఎనిమిది వారాల కసరత్ నేర్పిస్తారు. సగం మందికి దవాఖానాలో నేర్పారు. సగం మందికి ఫిజియోథెరపిస్ట్ ఒకసారి ఇంటికి వెళ్లి చూపించి, తర్వాత వారానికి ఒక ఫోన్ చొప్పున ఏడు సార్లు మాట్లాడాడు. ఎనిమిది వారాల చివర ఇంటివాళ్లు దవాఖానా వాళ్లకు తీసిపోలేదు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ ఆ ఫాయిదా చాలావరకు కరిగిపోయిందనేదీ చెప్పాలి. మద్రాసు లాగే ఇక్కడా ఒక మనిషి గడప తొక్కాడు, ఆ తర్వాత పేరు పెట్టి పిలిచి మాట్లాడాడు.

ఇప్పుడు నా గల్తీ చెప్తాను.

ఛుట్టీ దొరికిన రెండో వారం, సోమవారం రాత్రి. అమ్మీ వేలికి ఆక్సీమీటర్ పెడితే 89 చూపించింది. కరోనా కాలం మనందరి బుర్రలో 94 అనే గీత గీసి పోయింది, దాని కింద అంటే గాబరా. మిషన్ ఒక లీటరు మీద ఉంది. నేను నాలుగు చేశాను. నంబర్ 96కు ఎక్కింది. అల్హందులిల్లాహ్ అనుకుని పడుకున్నాను.

పొద్దున అమ్మీ తలనొప్పి అంది. చాయ్ తాగుతూ కునికింది. రాత్రంతా నిద్ర లేదు కదా, పడుకోనీ అని నా బీవీతో అన్నాను. పదకొండింటికి నర్సు ఫోన్. నేను గొప్పగా 96 అని చెప్పాను. ఆమె మెచ్చుకోలేదు.

"అమ్మకు ఇవ్వండి సార్, మాట్లాడతా" అంది.

అమ్మీ "హా బేటీ" అని ఆగిపోయింది. మళ్లీ అడిగితే ఇంకో ముక్క.

"సార్, మిషన్ ఎంత మీద ఉంది?"

నాలుగు అన్నాను. ఒక్క క్షణం చుప్. తర్వాత గొంతు పెంచకుండా, వెంటనే ఒకటికి తగ్గించమని, పూర్తిగా తీసేయొద్దని, అమ్మీని కూర్చోబెట్టి అప్పుడే దగ్గరి దవాఖానాకు తీసుకెళ్లమని చెప్పింది. మేం వెళ్లేలోపు డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడి పెట్టింది. రక్తం తీసి చూస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి ఉంది. ఈ జబ్బున్న కొందరిలో ఆక్సిజన్ అవసరానికి మించితే అలా జరుగుతుంది, మత్తు కమ్ముతుంది, అదలాగే ముదిరితే సాంస్ ఆగిపోతుంది. అలాంటి వాళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంటే సరిపోతుంది. అది పర్చీ మూడో పేజీలో రాసే ఉంది. నేను చదవలేదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్స్ వాళ్లతో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఆయాసంతో వచ్చిన ఇలాంటి మరీజ్‌లకు ధారాళంగా కాకుండా కొలిచి ఆక్సిజన్ ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయి.

నాకు తెలియని ఇంకో సంగతి నర్సే చెప్పింది. నల్ల మెహందీ, నెయిల్ పాలిష్, చల్లబడిన వేళ్లు ఉంటే ఆక్సీమీటర్ తప్పు చూపొచ్చు. రంగు ముదురుగా ఉన్న చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉందని 2020 డిసెంబర్‌లో అమెరికాలో బయటపడింది. అక్కడి తెల్లవాళ్లకంటే నల్లవాళ్లలో ఇలా దాగిపోయే లోటు దాదాపు మూడింతలు. మన దక్కన్ చర్మాల మీద నంబర్‌ను కళ్లు మూసుకుని ఎత్‌బార్ చేయకూడదు. మనిషిని కూడా చూడాలి. ఒక్క సాంస్‌లో జుమ్లా పూర్తి చేస్తున్నాడా, పెదాలు నీలమయ్యాయా, పగలు కునుకుతున్నాడా. ఆమె ఫోన్‌లో విన్నది అదే.

ఆ తర్వాత మంగళవారాల్లో ఆమె అడిగిన సవాళ్లు ఏ స్క్రీన్ మీదా ఉండవు. 'అమ్మ ఏ గదిలో పడుకుంటోంది, వంటింటి పక్కనా?' 'ఇన్‌హేలర్ పీల్చే ముందు ఊపుతోందా? నాకు వినపడేలా చేయమనండి.' ఒకసారి వెనక నుంచి అమ్మీ మాటలు విని 'లోబాన్ అంటే ఏంటి సార్?' అంది. జుమేరాత్ సాయంత్రం లోబాన్ వేయడం మా ఇంటి రివాజ్. ఆక్సిజన్ నడిచే గదిలో నిప్పు వద్దు, ఆ పొగ అసలే వద్దు అంది. అమ్మీకి అది ఒప్పుకోవడం ఉప్మా తినడం కంటే కష్టమైంది. చివరికి లోబాన్ దాన్ ఆంగన్ దాటి గేటు దగ్గరికి వెళ్లింది. రమ్జాన్ మాట కూడా ఆమే ఎత్తింది, ఇన్‌హేలర్ మానేస్తారా అని. ఇన్‌హేలర్‌తో రోజా ఉంటుందా అనే మస్‌అలా మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. బీమార్‌కు రుఖ్సత్ ఉందన్న దాంట్లో లేదు. మా మస్జిద్ ఇమామ్ సాబ్ ఇంటికొచ్చి అమ్మీకి రోజా బదులు ఫిద్యా గురించి సమ్‌జాయించాడు. అమ్మీ ఏడ్చింది, కానీ మందు ఆపలేదు.

పన్నెండో మంగళవారం నర్సు, 'అమ్మా, ఇవాళ్టితో అయిపోయింది, మూడు నెలలే మాకు' అంది. అమ్మీకి సరిగా అర్థం కాలేదు. పై మంగళవారం పదకొండింటికి దుపట్టా సర్దుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పన్నెండు దాటాక 'బచ్చీకి తబియత్ బాగాలేదేమో, నువ్వే ఒకసారి పూఛో' అంది.

నర్సు అడిగే సవాళ్లు నాకు అప్పటికి జబానీ వచ్చేశాయి. వాటిని ఉర్దూలో పదకొండుగా రాసి క్యాలెండర్ వెనక అతికించాను. ఆపా కూతురు బోధన్‌లో ఇంటర్ చదువుతోంది. ఇప్పుడు మంగళవారం కాలేజీ వదిలాక అదే ఫోన్ చేస్తోంది. మొదటి సవాల్ నంబర్ ఎంత అని కాదు. 'నానీ, నిన్న రాత్రి ఏం కల వచ్చిందో మొత్తం చెప్పు' అంటుంది. చెబుతున్నంతసేపూ నానీ ఎన్నిసార్లు ఆగిందో నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటుంది.